పట్వారి గాలి

హెలికాప్టర్ రెక్కలు ఆగలేదు. అవి తిరుగుతుండగానే దూకాం, సామాన్లు లాక్కున్నాం, అది వెనక్కి తిరిగి లోయలోకి దిగిపోయింది. అక్టోబర్ మొదటి వారం, ఉదయం ఏడున్నర. హెలిప్యాడ్ అంటే మంచు మీద పరిచిన డ్రమ్ముల రేకులు, నాలుగు ఎర్ర జెండాలు. మా పోస్టు అక్కడి నుంచి కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా చేరేసరికి రెండు గంటలు పట్టింది. కొన్ని అడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ కొన్ని అడుగులు. ఊళ్లో బస్తా వడ్లు భుజాన వేసుకుని గట్ల మీద నడిచినవాణ్ణి. అక్కడ నా భుజం మీది తుపాకీయే నాకు బరువైంది.

లడఖ్‌లో ఒక హిమానీనదం పక్కన రాతి గట్టు. దాని మీద రెండు తెల్లటి ఫైబర్ గుడిసెలు, మంచులో తవ్విన బంకర్ ఒకటి. గుడిసె నుంచి బంకర్‌కు నడుం ఎత్తున నైలాన్ తాడు కట్టి ఉంది. కాస్త దూరంగా, ఒక పెద్ద మంచు వాలు మొదట్లో రేడియో స్తంభం. అది అక్కడెందుకు అని అడిగాను. ఇంకెక్కడ పాతినా కింది బేస్‌కు మాట అందదన్నారు.

పోస్టు కమాండర్ గఢ్వాల్ మనిషి. మేమంతా సుబేదార్ సాబ్ అనేవాళ్లం. రామ్ రామ్ అంటూనే ఆర్డర్లు మొదలుపెట్టాడు.

"మూడున్నరకు సూర్యుడు ఆ శిఖరం వెనక్కి పోతాడు. నాలుగింటికి గాలి దిగుతుంది. ఆ తర్వాత తాడు పట్టుకోకుండా ఎవడూ బయట అడుగు పెట్టడు. సామాను ఏదీ బయట వదలొద్దు. వదిలితే అది ఇక మీది కాదు."

ఆయన హిందీలో చెప్పింది ఇదే. మేం తల ఊపాం. ఆ సాయంత్రమే నాతోపాటు దిగిన రేడియో ఆపరేటర్ తన పరుపు చాపను దులుపుదామని గుమ్మం బయటికి తీశాడు. చేతిలోంచి లేచింది. ఒక్కసారి గాలిలో బోర్లా తిరిగి, హిమానీనదం మీదుగా కిందికి పోయింది. అంతవరకు మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. టోపీ, నల్ల కళ్లద్దాల వెనక ముఖం కూడా సరిగా చూసుకోలేదు.

"ఓరి దీని! ఎవలన్న పట్టుండ్రే!" అని అరిచాడు వాడు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "ఏడికెల్లి తమ్మీ నువ్వు?"

"మొయినాబాద్ దిక్కు అన్నా. కనకమామిడి. మీది?"

"చేవెళ్ల పక్కన ముడిమ్యాల."

వాడు చాప సంగతి మరిచిపోయి నా చేతులు పట్టుకున్నాడు. పేరు ప్రభుదాస్. వాళ్లమ్మ చర్చిలో పాటలు పాడుతుంది, తండ్రి ఎవరిదో సిటీవాళ్ల ఫామ్‌హౌస్‌లో తోట చూసుకుంటాడు. మాది భూములున్న కుటుంబం. ఊళ్లో అయితే మాకు పరిచయమే ఉండేది కాదు. ఉన్నా ఒక కంచంలో తినేవాళ్లం కాదు. పోస్టులో ఒకే గ్లాసులో చాయ్ తాగాం. రెండో గ్లాసు కడగాలంటే మంచు కరిగించాలి, అందుకు కిరోసిన్ కావాలి.

ఇప్పుడు నేను చందనవెల్లిలో ఒక డేటా సెంటర్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మిషన్ల గదిలో ఎప్పుడూ చల్లటి గాలి కొడుతుంటుంది. అక్కడ పనిచేసే పిల్లలు బయటికొచ్చి చేతులు రుద్దుకుంటూ, "సార్, మీ దగ్గర మైనస్ ఎంత ఉండేది?" అని అడుగుతారు. మైనస్‌తో బతకొచ్చు. గాలి లేకపోతే మైనస్ ముప్ఫైలో కూడా నిలబడి బీడీ కాల్చుకోవచ్చు. మనిషిని తినేది గాలి.

అది మన గాలి లాంటిది కాదు. పగలంతా మంచు మీద పడుకుని ఉన్న గాలి, ఎండ పోగానే చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కి, వాగు నీళ్లు పల్లానికి పోయినట్టు, హిమానీనదం వెంట కిందికి జారుతుంది. దారిలో మేముంటాం. ముడిమ్యాలలో నా చిన్నప్పుడు గాలి కోసం ఎదురుచూసేవాళ్లం. కళ్లంలో వడ్లు తూర్పారబట్టాలి, గాలి రావడం లేదని మా బాపు చాట పక్కన పెట్టి విసుక్కునేవాడు. అలాంటి గాలిని తిట్టుకునే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అది ఏం చేస్తుందో చెబుతాను. డబ్బాల మీది రంగు గీకేస్తుంది. తుపాకీలోని నూనె ముద్దవుతుంది. కంటి నీళ్లు రెప్పల మీదే గడ్డకడతాయి. పక్కవాడి మాట నోట్లోంచి వచ్చీ రాకముందే ఎగిరిపోతుంది, అందుకని సైగలు చేసుకుంటాం. గుడిసె గోడలు రాత్రంతా టపటపలాడితే పొద్దున మనుషులు ఊరికే కస్సుమంటారు. ఉప్పు తక్కువైందని ఇద్దరు జవాన్లు కొట్టుకోబోయారు. ఇంకొకడు పూర్తిగా మాట్లాడటం మానేశాడు. సుబేదార్ సాబ్ వాణ్ణి రోజూ తన పక్కన కూర్చోబెట్టుకుని రొట్టెలు కాల్పించేవాడు. దానికి మించి ఆయన దగ్గరా మందు లేదు.

మా నర్సింగ్ అసిస్టెంట్ కేరళవాడు. ఏదో పరీక్షకు చదువుతున్నాడు. సాయంత్రం బుఖారీ, అంటే మా కిరోసిన్ పొయ్యి, చుట్టూ చేరినప్పుడు జాగ్రఫీ గైడులోంచి పైకి చదివేవాడు. ప్రపంచంలో ఇలాంటి చల్లటి గాలులు చాలా ఉన్నాయట. ఊరికొక పేరట.

"ఫ్రాన్స్ దక్షిణాన మిస్ట్రాల్," అని చదివాడొక రోజు. "పల్లెల్లో పాత ఇళ్లకు ఉత్తరం వైపు కిటికీలు పెట్టరు. పొలాలకు అడ్డంగా చెట్ల వరసలు పెంచుతారు."

"అంటే వాళ్లకు గూడ వాస్తు ఉన్నదన్నట్టే," అన్నాడు ప్రభుదాస్. నేను దాన్ని హిందీలోకి మార్చి చెబితే సుబేదార్ సాబ్ కూడా నవ్వాడు.

ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున బోరా అని ఇంకొకటి. కొండ మీది నుంచి ఊరి మీదకు దూకుతుంది. జనం పడిపోకుండా వీధుల్లో తాళ్లు కట్టేవారు, ఇళ్ల కప్పుల మీద రాళ్లు పెట్టేవారు. రష్యాలో ఒక పెద్ద సరస్సు మీదకు సర్మా అనేది వస్తుంది, పడవలు తలకిందులవుతాయి. గ్రీన్‌లాండ్‌లో పితెరాక్. అది దిగితే ఇళ్ల కప్పులు లేచిపోతాయి. అర్జెంటీనా మైదానాల్లో పాంపెరో.

"అందరి గాలికి పేరున్నది. మనదానికేం తక్కువ?" అన్నాడు ప్రభుదాస్. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పట్వారి అందాం అన్నా. మా తాత చెప్పేటోడు, శిస్తు వసూలుకు పట్వారి దిగిండంటే వాకిట్ల ఏది కనవడితే అది పోతుండెనంట."

పేరు అతుక్కుపోయింది. గఢ్వాలీలు, బిహారీలు, మలయాళీ, అందరూ అదే పేరు పలికేవాళ్లు. నాలుగు గంటలకు సెంట్రీ లోపలికి అరిచేవాడు, "పట్వారీ ఆ గయా!" వైర్‌లెస్‌లో ప్రభుదాస్ కింది బేస్‌కు, "పట్వారీ దిగాడు, అందరూ లోపలే ఉన్నారు, ఓవర్," అని చెప్పేవాడు. అటువైపు ఆపరేటర్‌కు ఆ పట్వారీ ఎవరో తెలియదు. అయినా వాడూ రాసుకునేవాడు.

ప్రభుదాస్ వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఒక మఫ్లర్ ఇచ్చింది. చలికాలం రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవాళ్లు వస్తారు కదా, వాళ్ల దగ్గర కొన్నది. ముదురు ఎరుపు. బస్సెక్కే ముందు ఆమే వాడి చెవుల చుట్టూ కట్టి, గడ్డం కింద ముడివేసి పంపింది. మన దగ్గర చలి అంటే చెవులే. కాళ్లకు చెప్పుల్లేకపోయినా ఫరవాలేదు, చెవులకు తువ్వాల కట్టుకుంటే చాలు. పొద్దున పొలానికి పోయే ముసలాయన మొదలు పాలడబ్బా బండివాడి దాకా అందరూ అదే నమ్ముతారు. నేనూ అలాగే పెరిగాను.

వారానికోసారి శాటిలైట్ ఫోన్‌లో ఇంటికి మాట్లాడే వీలుండేది. ప్రభుదాస్ ఫోన్ చేయగానే ఆమె గట్టిగా అరిచేది, మాకందరికీ వినపడేది.

"కొడుకా, చెవులకు కట్టుకున్నవా?"

"కట్టుకున్ననే అమ్మా."

"గట్టిగ కట్టుకో. చలి చెవులల్లకెల్లే దూరుతది."

"నువ్వు ఫికర్ జెయ్యకు. నేను మంచిగనే ఉన్న."

ఎన్నిసార్లు విన్నారో, గఢ్వాలీ సుబేదార్ సాబ్ కూడా పొద్దున్నే వాణ్ణి చూసి వచ్చీరాని తెలుగులో, "చెవులకు కట్టుకున్నవా?" అనేవాడు. బంకరంతా నవ్వేది.

అయితే ఆయనదే ఒక ఆర్డర్ ఉంది, దానిలో నవ్వు లేదు. బయట వాలు కింద పని చేసేటప్పుడు చెవుల మీద ఉన్ని టోపీ ఒక్కటే ఉండాలి, దాని మీద ఇంకేం కట్టకూడదు. ఎందుకంటే పని జరుగుతున్నంతసేపు ఒకడు బంకర్ మీద నిలబడి వాలును చూస్తుంటాడు. వాడి మెడలో విజిల్. ఒక్క పొడుగు ఊదితే లోపలికి రండి. పొట్టి పొట్టిగా ఆగకుండా ఊదితే మంచు కదిలింది, ఎడమ పక్క రాళ్ల వెనక్కి పరుగెత్తండి. మఫ్లర్‌తో బయట కనిపించి ప్రభుదాస్ రెండుసార్లు తిట్లు తిన్నాడు.

"ఫోన్‌లో మీ అమ్మ కమాండర్," అన్నాడు సుబేదార్ సాబ్. "ఇక్కడ నేను. గుడిసె లోపల ఎన్ని చుట్లైనా చుట్టుకో. బయట నీ చెవులు నావి."

"జీ సాబ్," అన్నాడు వాడు. మఫ్లర్ విప్పి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

డిసెంబర్‌లో తుఫాను పట్టుకుంది. రోజూ సాయంత్రం వచ్చే పట్వారి పగలూ రాత్రీ ఉండిపోయాడు. నాలుగు రోజులు తలుపు తెరవలేదు. మూత్రానికి డబ్బాలు. మూడో రోజు రేడియో స్తంభం పడిపోయింది. శాటిలైట్ ఫోన్ బ్యాటరీ అంతకుముందే చచ్చింది. కింద బేస్‌లో మేం ఉన్నామో పోయామో తెలియదు. అదే తుఫానులో ప్రభుదాస్‌కు చెవిపోటు మొదలైంది. నర్సింగ్ అసిస్టెంట్ చుక్కలు వేశాడు, వెచ్చగా ఉంచుకోమన్నాడు. వాడు మఫ్లర్ విప్పకుండానే పడుకున్నాడు.

ఐదో రోజు పొద్దున గాలి ఆగింది. నాలుగు రోజుల తర్వాత అంత నిశ్శబ్దం. నా గుండె చప్పుడు నాకే వినపడింది. మాలో కొందరు నవ్వుకుంటూ తలుపు ముందు మంచు తోశారు. సుబేదార్ సాబ్ మాత్రం వాలు వైపు చూస్తూ నిలబడ్డాడు. అది ఉబ్బి ఉంది. కొండ అవతలి మంచునంతా గాలి మోసుకొచ్చి ఇటు పెట్టింది.

"గాలి ఉన్నంతసేపు అది మోస్తూ ఉంటుంది," అన్నాడు. "ఆగాక పెట్టిన బరువు అక్కడే ఉంటుంది. అందుకే నాకు ఈ పూటే ఇష్టం లేదు."

కానీ రేడియో కావాలి. మా కోసం హెలికాప్టరో, మనుషులో బయల్దేరితే వాళ్లూ ఈ వాలు కిందికే రావాలి. ఎండ వాలును తాకేలోపు పని ముగించాలని ఆర్డర్. ఏడున్నరకు ముగ్గురు బయల్దేరారు. సుబేదార్ సాబ్, ప్రభుదాస్, మెషిన్‌గన్ జవాను. విజిల్ నా మెడలో ఉంది. ప్రభుదాస్ వెళ్తూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. కోటు టోపీ ముందుకు లాక్కుని ఉన్నాడు. దాని కింద ఏముందో నాకు కనపడలేదు. సుబేదార్ సాబ్‌కూ కనపడలేదు.

స్తంభాన్ని లేపారు. ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. ప్రభుదాస్ మోకాళ్ల మీద కూర్చుని, వాలుకు వీపు పెట్టి, తాడు కట్టే ఇనుప మేకును సుత్తితో కొడుతున్నాడు. టంగ్ టంగ్ మని నా దాకా వినపడుతోంది. నా కళ్లు వాలు మీదే ఉన్నాయి. పైన, నల్ల రాళ్ల కింద, ఒక సన్నటి గీత కనిపించింది. పెన్సిల్‌తో గీసినట్టు. అది చూస్తుండగానే వెడల్పయింది.

ఊదాను. పొట్టి పొట్టిగా, ఆగకుండా, పెదవి చిట్లేదాకా ఊదాను. సుబేదార్ సాబ్, జవాను స్తంభం వదిలేసి రాళ్ల వైపు పరుగెత్తారు. పరుగెత్తుతూనే సుబేదార్ సాబ్ అరిచాడు. ముగ్గురూ కలిసే వస్తున్నారనుకున్నాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఇద్దరే. ప్రభుదాస్ చెయ్యి ఇంకా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. టంగ్. టంగ్. వదిలిన స్తంభం పక్కకు వాలడం చూసి తలెత్తాడు. అంతే, తెల్లగా అయిపోయింది.

అందరం పారలతో పరుగెత్తాం. పొడుగు కర్రలతో పొడుస్తూ వెతికాం. దొరికేసరికి ఎండ వాలంతా పరుచుకుంది. నర్సింగ్ అసిస్టెంట్ వాడి ఛాతీ మీద ఒత్తుతూనే ఉన్నాడు, మేం చాలని చెప్పేదాకా. కోటు టోపీ వెనక్కి పడిపోయింది. దాని కింద ముదురు ఎరుపు మఫ్లర్. రెండు చుట్లు. గడ్డం కింద ముడి. ముడి వదులు కూడా కాలేదు.

సుబేదార్ సాబ్ మంచులో కూర్చుని ఆ ముడి మీద చెయ్యి వేశాడు, విప్పలేదు. "చెవులకు కట్టుకున్నవా," అన్నాడు, అదే తెలుగులో. ఆ మాట ఆయన నోట మళ్లీ ఎప్పుడూ వినలేదు. ఆయన ఏడవడం నేను చూశాను. నేనూ ఏడ్చాను.

మధ్యాహ్నానికి స్తంభం నిలబెట్టాం. రేడియో దగ్గర వాడి చోట నేను కూర్చున్నాను. కింది బేస్‌కు వాడి పేరు చెప్పాను. సాయంత్రం నాలుగింటికి గాలి దిగింది. సెంట్రీ ఏమీ అరవలేదు. మేం ఆ పోస్టు వదిలేదాకా ఆ గాలిని పేరు పెట్టి పిలిచినవాడు లేడు.

హెలికాప్టర్ రాగానే వాణ్ణి మొదటి ట్రిప్పులో పంపించాం. క్రిస్మస్‌కు ముందే ఇల్లు చేరాడు. నేను జనవరి ఆఖరున దిగాను. దిగే రోజు సుబేదార్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు.

"రిపోర్టులో మంచు చరియ అని రాశాను. అది అబద్ధం కాదు. నువ్వు వాళ్ల వైపువాడివి, ఆ తల్లిని చూడకుండా ఉండలేవు. ఆమె ఇచ్చినదే వాడికి విజిల్ వినపడకుండా చేసిందని ఆమెకు తెలియాలా అక్కర్లేదా, అది నేను ఆర్డర్ ఇచ్చేది కాదు."

రైల్లో అదే ఆలోచన. ఇంటికొచ్చాక మా అవ్వ అన్నం పెడుతుంటే అదే ఆలోచన. తెలిస్తే ఆమె ఇక మిగలదు. దాస్తే నేనెలా ఆమె ముఖం చూడాలి? మూడో నాడు పొద్దున్నే బండి తీశాను. మంచు పొగ. చేవెళ్ల దాటాక చలిగాలి ముఖాన కొట్టింది. దాన్ని నేను లెక్కచేయలేదు.

కనకమామిడిలో ఫామ్‌హౌస్ ప్రహరీ గోడల వెనక వాళ్లది రెండు గదుల ఇల్లు. గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. ఎవరూ తీసినట్టు లేరు. తండ్రి తోట పనికి పోయాడు. నేను ముడిమ్యాల నుంచి వచ్చానని, ఎవరింటివాణ్ణో చెప్పగానే ఆమె లేచి కుర్చీ తుడిచింది.

"రాండ్రి పటేలా, కూసోండ్రి."

"పటేల్ అనకమ్మా. ప్రభు నన్ను అన్నా అనేటోడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కుర్చీ వదిలేసి నా ముందు నేల మీదే కూర్చుంది. నేనూ కిందికి దిగి కూర్చున్నాను.

"ఆ పొద్దు ఏమన్న తిన్నడా కొడుకా?"

"తిన్నడమ్మా. రొట్టె తిన్నడు. చాయ్ తాగిండు. పోయేటప్పుడు నాకు చెయ్యి ఊపిండు."

తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"ఒక్కటి అడుగుత. నాకు అబద్ధం జెప్పకు. నీ బిడ్డల మీద ఒట్టు. ఆ పొద్దు నా కొడుకు చెవులకు కట్టుకున్నడా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

"కట్టుకున్నడమ్మా."

"గట్టిగనా?"

"గట్టిగనే. రెండు సుట్లు. గదుమ కింద ముడేసిండు. నా కండ్లార చూసిన."

ఆమె నా చెయ్యి వదిలింది. గోడకు ఆనుకుంది. ఇన్నాళ్లుగా బిగబట్టుకున్నదేదో ఆమె ముఖంలో వదులైంది.

"నా మాట ఇన్నడు," అంది. "అయితే నా కొడుకుకు చలి వెట్టలే. గదే నా ఫికర్. రాత్రి పండితే గదే యాదికొస్తుండె, నా కొడుకు చలికి వణుక్కుంట పోయిండో ఏమో అని. ఆ మఫ్లర్ వాని సామాన్లల్ల మడతవెట్టి వచ్చె, పెట్టెలనే పెట్టిన కొడుకా. మట్టిల గూడ చలుంటది గద."

అబద్ధం చెప్పొద్దంది, చెప్పలేదు. మిగిలింది నాలోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. అది సరైన పనేనా అని చాలామందిని అడగాలనుకున్నాను. అడిగితే చెప్పాల్సి వస్తుంది కాబట్టి అడగలేదు. ఈ రాసినదాన్ని ఆమె చదవలేదు, ఆమెకు చదువు రాదు. ఇది చదివిన మొయినాబాద్ వాళ్లెవరైనా ఉంటే, దయచేసి ఆమెకు వినిపించకండి.

చాయ్ తాగి లేచాను. బండి స్టార్ట్ చేశాను. ఆమె గబగబా లోపలికి పోయి ఒక ఉన్ని శాలువా తెచ్చింది. "ఆగు," అంది. నేను వద్దనే లోపే నా తల చుట్టూ తిప్పింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. గడ్డం కింద ముడి బిగించింది, ఆమె వేళ్లు నా గొంతుకు తగిలాయి. చెవులు రెండూ మూసుకుపోయాయి. బండి చప్పుడు ఎక్కడో దూరంగా వినపడింది. ఆమె నా ముఖానికి దగ్గరగా నిలబడి ఏదో చెబుతోంది. ఒక మాట కాదు, చాలా మాటలు. పెదవులు కదులుతున్నాయి. నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేను ఆ శాలువా విప్పలేక, ఆమె కళ్లలోకి చూస్తూ తల ఊపుతూ ఉండిపోయాను.